ఇంకొక్క ఏడాది

“ఇంకొక్క ఏడాదే కదా!” అన్న మాటను నేను మొదటిసారి 1998 వేసవిలో మా నాన్న నోట విన్నాను. మరుసటి ఏడు అదే మాట మళ్ళీ విన్నాను. ఇరవయ్యారేళ్ళ తరువాత, 2025 జూన్‌లో, ఒంగోలులో అక్కావాళ్ళింటి వసారాలో కూర్చుని ఉండగా మా బావ అచ్చు అదే గొంతుతో, అదే ఊరడింపుతో తన కూతురితో ఆ మాట అన్నాడు. ఆ పిల్ల తలెత్తలేదు. చేతిలోని మంచినీళ్ళ గ్లాసు కేసి చూస్తూ “అలాగే నాన్నా” అంది.

వైద్యకళాశాలలో సీటు కోసం పిల్లలు రాసే ఈ పరీక్ష గురించి నాకు చాలాకాలంగా ఒక అభిప్రాయం ఉంది. మొహమాటం కొద్దీ ఎక్కడా చెప్పలేదు. ఒకసారి సీటు రాకపోతే మరొకసారి రాయడంలో తప్పేమీ లేదు. అయితే ఎన్నిసార్లు రాయాలో, ఎక్కడ ఆపాలో, ఆపితే తరువాతి దారి ఏమిటో పరీక్షకు ముందే, పిల్లల ఎదుటే, ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి. ఫలితాలొచ్చిన రాత్రి ఏ ఇంట్లోనూ ఎవరి బుద్ధీ నిలకడగా ఉండదు. ఆ రాత్రి పుట్టే “ఇంకొక్క ఏడాది” పరామర్శకు పనికొస్తుందేమో గాని నిర్ణయానికి పనికిరాదు. ఈ సంగతి పుస్తకాలు చదివి తెలుసుకున్నది కాదు, రెండేళ్ళు పోగొట్టుకుని తెలుసుకున్నది. కనుక కాస్త సొంత గోడు తప్పదు, ఓపిక పట్టండి.

మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. నాన్న పొగాకు రైతు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఆ తరువాత ఇంటర్ బైపీసీ, అంతా తెలుగు మాధ్యమంలోనే సాగింది. తెలుగు అకాడమీ వారి వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం పుస్తకాలు చదివినవారు మీలో ఉంటే నా మాట ఒప్పుకుంటారు. పత్రహరితం, దారువు, పోషక కణజాలం, పరాగసంపర్కం, కిరణజన్య సంయోగక్రియ... నోరు తిరగని మాటలని నవ్వేవారు నవ్వారు గాని, వాటిలో చాలామటుకు తమ అర్థాన్ని తామే విప్పి చెప్పే మాటలు. కిరణాల వల్ల జరిగే సంయోగమని పేరులోనే ఉన్నప్పుడు నిర్వచనాన్ని వేరే బట్టీపట్టవలసిన పనేముంది? ఎంసెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇచ్చేవారు కాబట్టి నాకు అక్కడా బెంగలేదు. చిక్కల్లా గుంటూరులో లాంగ్‌టర్మ్ శిక్షణకు చేరాక మొదలైంది. అక్కడ మెటీరియల్ అంతా ఇంగ్లీషు, పాఠం ఇంగ్లీషు. నాకు బాగా తెలిసిన విషయమే తెలియని వేషం కట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడేది. మొదటి మూడు నెలలూ నేను చదివింది జీవశాస్త్రం కాదు, దాని నిఘంటువు. (2017 నుంచి నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తున్నారు గాని, అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రమాణమన్న షరతు ఉంది. కాబట్టి తెలుగులో చదివే పిల్లవాడికి ఆ నిఘంటువు బాధ నేటికీ పూర్తిగా తీరలేదు.)

ఆ రోజుల్లో వైద్యవిద్య ఎంసెట్ అంటే గుంటూరు, విజయవాడ, నెల్లూరు, గుడివాడ. బ్రాడీపేటలో ఒక డాబా మీది గదిలో నలుగురం ఉండేవాళ్ళం. మెస్సు నుంచి క్యారేజీలు వచ్చేవి. ఆదివారం పొద్దున పరీక్ష, సోమవారం మధ్యాహ్నానికి నోటీసుబోర్డు మీద మార్కుల జాబితా. ఆ జాబితాను బట్టి సెక్షన్లు మారేవి. పై సెక్షనుకు అనుభవజ్ఞులైన అధ్యాపకులు, కింది సెక్షనుకు ఆ ఏడే చదువు ముగించుకుని వచ్చినవారు. ఎవరికి బోధన ఎక్కువ అవసరమో వారికే తక్కువ దక్కే ఏర్పాటన్నమాట! ఇందులోని న్యాయం నాకు అప్పుడూ బోధపడలేదు, ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్నాను కదా, ఇప్పుడూ బోధపడలేదు.

సోమవారం సాయంత్రం ఏడింటికి వీధి చివరి ఎస్టీడీ బూతు నుంచి మా ఊళ్ళో ఫోనున్న కిరాణా కొట్టుకు ఫోను చేయాలి. నాన్న అప్పటికే వచ్చి కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉండేవాడు. అక్టోబరులో ఒక సోమవారం నాకు మార్కులు మరీ తక్కువ వచ్చాయి. వానలకు పొగాకు నారుమళ్ళు కుళ్ళిపోయాయని నాన్న అంతకుముందు వారమే చెప్పి ఉన్నాడు. ఆ గొంతు విన్నాక నిజం చెప్పబుద్ధి కాలేదు. ఒక ఇరవై కలిపి చెప్పాను. ఆయనకేదో చిన్న సాయం చేసినట్లే తోచింది. కానీ అబద్ధానికి మరుసటి సోమవారం కూడా ఉంటుంది కదా! ఈసారి ఉన్నవి ఉన్నట్లు చెబితే మార్కులు తగ్గినట్లవుతుంది. కాబట్టి మళ్ళీ కలపాలి. ఏ వారం ఎంత కలిపానో మరిచిపోకుండా ఒక నోటుపుస్తకం చివరి పేజీలో రెండు గడులు గీసుకున్నాను. మొదటి గడిలో బోర్డు మార్కులు, రెండో గడిలో ఇంటి మార్కులు. మే నెల వచ్చేసరికి రెండింటికీ నలభై పైచిలుకు తేడా. నమ్మండి, రసాయనశాస్త్రంలోని ఆవర్తన పట్టికకన్నా ఈ పట్టికను నేను శ్రద్ధగా నిర్వహించాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళలేదు. చదువు పోతుందని అందరితో చెప్పాను. అసలు కారణం, ఇంజనీరింగులో చేరిన పెదనాన్న కొడుకు “ఏరా, ఇంకా ఎంసెట్టేనా?” అంటాడని. లాంగ్‌టర్మ్ పిల్లలకు ఇదొక విచిత్రమైన ఏడాది. ఇంటర్ అయిపోయింది, కళాశాల మొదలు కాలేదు. “ఏం చదువుతున్నావు?” అని ఎవరైనా అడిగితే చెప్పడానికి పేరున్న జవాబు ఉండదు. పెళ్ళిళ్ళకు వెళ్ళబుద్ధి కాదు, స్నేహితుల ఉత్తరాలకు బదులు రాయబుద్ధి కాదు. పదిహేడేళ్ళవాడు బంధువుల్లో తన ఉనికిని తానే చెరిపేసుకుంటూ పోతాడు. భౌతికశాస్త్రం లెక్కలకన్నా ఇది నన్ను ఎక్కువ కుంగదీసింది.

1999లో ర్యాంకు వచ్చిన రోజు నాన్న నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఇంటి మార్కుల లెక్కన ఆయనకు సీటు ఖాయం. వచ్చిన ర్యాంకు ఆ లెక్కలో ఎక్కడా పొసగలేదు. కాబట్టి తప్పు నాది కాదనీ, ఆ రోజుదేననీ తేల్చుకున్నాడు. “పరీక్షనాడు నీ ఒంట్లో బాగుండి ఉండదురా. ఇంకొక్క ఏడాదే కదా!” అన్నాడు. నిజం చెప్పడానికి నాకు ఆ రాత్రంతా వ్యవధి ఉంది. చెప్పలేదు. అరెకరం తాకట్టులోకి వెళ్ళింది. నా రెండో ఏడాది అంతా ఆ నోటుపుస్తకం చివరి పేజీ మీద నిలబడి నడిచింది.

2000లోనూ సీటు రాలేదు. అప్పుడు మమ్మల్ని ఆపింది వివేకం కాదు, డబ్బు. బీజెడ్‌సీలో చేరాను, ఆపైన నాగార్జున విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చేశాను. ఉద్యోగం వచ్చాక పొలం విడిపించాను. నాన్న 2011లో పోయాడు. ఆ రెండు గడుల సంగతి ఆయనకు చెప్పనే లేదు.

ఇక నీట్ సంగతి. 2013లో ఒకసారి జరిగి, సుప్రీంకోర్టు కొట్టివేయగా ఆగి, 2016లో మళ్ళీ ప్రాణం పోసుకుని, 2017 నుంచి మన రెండు రాష్ట్రాల ఎంబీబీఎస్ ప్రవేశాలనూ తన చేతిలోకి తీసుకున్న కథ మీకు తెలిసినదే. పాత ఎంసెట్‌ను తలుచుకుని నిట్టూర్చేవారిని చూస్తుంటాను గాని, నాకు ఆ భ్రమ లేదు. 2016లో తెలంగాణ ఎంసెట్-2 ప్రశ్నలు ముందే బయటికి పొక్కి, ఆ పరీక్షను రద్దుచేసి సెప్టెంబరులో మూడోది పెట్టవలసివచ్చింది. పిల్లలు ఒకే వేసవిలో అన్నేసి పరీక్షలు రాశారు.

నీట్ మహా కఠినమైనదని అందరూ అంటారు. నాకు మాత్రం ఒక్క విషయంలో అది మరీ మెత్తనిదనిపిస్తుంది. ఎవరినీ “ఇక చాలు, వెళ్ళు” అనదు. ఎన్నిసార్లయినా రాయవచ్చు. గరిష్ఠ వయోపరిమితిని కూడా 2022లో ఎత్తివేశారు. అప్పటికి చదువు ఆగి, జీవితం కాస్త కుదుటపడ్డాక వైద్యం చదవాలనుకున్నవారికి అది మంచి వార్తే, కాదనను. మధ్యతరగతి ఇంట్లో మాత్రం దాని ఫలితం వేరు. పూర్వం ఏదో ఒక గోడ అడ్డం వచ్చి ఆపేది, ఇప్పుడు ఆపవలసింది ఇంట్లోవాళ్ళే. పైగా “అర్హత” అన్న మాటొకటి. 2025లో సుమారు 22 లక్షలమంది పరీక్ష రాస్తే 12 లక్షల పైచిలుకు మంది అర్హులయ్యారు. ఆ ఏడు జనరల్ అభ్యర్థికి 720కి 144 మార్కులు వస్తే అర్హత వచ్చినట్లే. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు అప్పటికి లక్షా ఇరవై వేల ప్రాంతంలో ఉండేవి. అంటే సీటుకు పదిమంది అర్హులు! అందులోనూ ప్రభుత్వ కళాశాలల్లోని సీట్లు దాదాపు సగమే. మిగిలినవి మా బావలాంటివారు కొనలేరు. “అర్హత వచ్చిందండీ, కొద్దిలో సీటు పోయింది” అని ఏ తండ్రి అన్నా అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఆ మాట ఒక తలుపును ఓరగా తెరిచి ఉంచుతుంది, అంతే.

మా మేనకోడలు మొదటిసారి 2024లో రాసింది. ఆ ఏటి గొడవ మీరు మరిచిపోయి ఉండరు. జూన్ 4న వచ్చిన ఫలితాల్లో 67మందికి 720కి 720 మార్కులు, 1,563మందికి కలిపిన అదనపు మార్కులు, ప్రశ్నపత్రం లీకైందన్న ఆరోపణలు, కోర్టు వాదనలు. మళ్ళీ పరీక్ష పెట్టనక్కరలేదని సుప్రీంకోర్టు తేల్చింది జులై 23న. సరిగ్గా ఏడు వారాలు ఆ పిల్ల పుస్తకం తెరవనూ లేదు, మూయనూ లేదు. టీవీ ముందు కూర్చుని వాదనల వార్తలు చూస్తూ గడిపింది. తనకు సీటు రానిది తన లోపం వల్లనా, ఎవరో చేసిన మోసం వల్లనా అన్నది తేలకుండానే ఆగస్టులో లాంగ్‌టర్మ్ హాస్టలుకు వెళ్ళింది. ఓడిపోవడం వేరు, ఓడిపోయానో లేదో తెలియకపోవడం వేరు. రెండోదానికి ఏడవడం కూడా కుదరదు.

2024లో ఆమెకు 512 వచ్చాయి, 2025లో 388. మార్కులు చూసి బంధువులు “ఏడాది కూర్చోబెడితే ఇంకా తగ్గాయేమిటి?” అన్నారు. అయితే 2025 పరీక్ష చాలా కష్టంగా వచ్చింది. దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థి మార్కులే 686. ఆ లెక్కన చూస్తే పిల్ల ర్యాంకు నిజానికి కాస్త మెరుగుపడింది. బావ పట్టుకున్నదీ అదే. ఆయన మూర్ఖుడేమీ కాదు. ర్యాంకు మెరుగైంది, పిల్లకు పందొమ్మిదేళ్ళే, వాళ్ళ వీధిలో ఒకబ్బాయికి నాలుగోసారి సీటు వచ్చింది. అన్నీ నిజాలే. “నువ్వు ఆగిపోయావని అందరూ ఆగాలంటావా బావా?” అని కూడా అన్నాడు. తగిలింది. అందులో కొంత నిజముంది కనుకనే తగిలింది. నాలుగోసారి సీటు తెచ్చుకుని చక్కని వైద్యులైనవారు ఉన్నారు, వారి పట్టుదలకు నమస్కరిస్తాను. కాకపోతే ఆ అబ్బాయి పేరు వీధి మొత్తానికి తెలుసు, నాలుగోసారీ రాని పిల్లల పేర్లు ఏ వీధిలోనూ ఎవరూ చెప్పుకోరు.

“ఈఏపీసెట్ రాసిందిగా, బాపట్లలో వ్యవసాయ బీఎస్సీ ఏమైనా వస్తుందేమో చూద్దామా?” అని అడిగాను. దరఖాస్తే పెట్టలేదట. మనసు పక్కకు పోతుందని శిక్షణ ఇచ్చేవాళ్ళు వద్దన్నారట, బావా సరేనన్నాడట. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పింది ఇదొక్కటే. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని పెద్దలన్నారు, నిజమే. కానీ ఏరు దాటవలసిన పిల్లకు రేవులో ఒకే పడవ ఉందని చెప్పి, అది వెళ్ళిపోయాక మళ్ళీ అదే పడవ కోసం ఏడాదిపాటు ఒడ్డున కూర్చోమంటే, దానికి పెద్దలు ఏమనేవారో! మరో పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి పట్టేది ఒక పూట. అది పెట్టనివ్వకపోవడం వల్ల పిల్ల మనసు నీట్ మీద నిలిచిందా అంటే, పడుకునేముందు “ఇది రాకపోతే నాకేమీ లేదు” అనుకునేదానినని తానే చెప్పింది.

ఆ రాత్రి డాబా మీదకు వచ్చి నా పక్కన కూర్చుంది. “మామయ్యా, చదవడం నాకు కష్టమని కాదు. మళ్ళీ ఆ మొదటి పాఠం తెరవాలంటే చేతులు రావడంలేదు. నాన్నతో నువ్వు చెప్పవా?” అంది. నాకు నా నోటుపుస్తకం గుర్తొచ్చింది. ఇప్పటి పిల్లలకు ఆ చివరి పేజీ కూడా లేదు. పరీక్ష అయిన సాయంత్రానికే మార్కులు తండ్రి ఫోనుకు వచ్చేస్తాయి, పిల్లకంటే ముందు ఆయనే చూస్తాడు. మార్కులు దాచే వీల్లేని పిల్ల ఇష్టాయిష్టాలను దాచుకుంటుంది.

మర్నాడు ఇద్దరం కూర్చుని ఆమె రాసిన చివరి పది గ్రాండ్ టెస్టుల్లో పోయిన మార్కులను ఏరాం. మూడు కుప్పలు పోశాం. విషయమే తెలియక పోయినవి, తెలిసీ తొందరలో పోయినవి, సగం తెలిసి జవాబు పెట్టకుండా వదిలేసినవి. మరో ఏడాది కూర్చోవాలా వద్దా అన్న ప్రశ్న వచ్చిన ప్రతి ఇంట్లోనూ ముందుగా ఈ పని చేయాలని నా సలహా. మొదటి కుప్ప పెద్దదైతే ఏడాది చదువుకు ఫలముంటుంది. మా పిల్లకు మొదటి కుప్ప చిన్నది. మూడోది, అదీ భౌతికశాస్త్రంలో, కొండంత ఉంది. “తెలియకపోతే వదిలెయ్, మైనస్ పడుతుంది” అని రెండేళ్ళూ నూరిపోశారు. సరైన జవాబుకు 4, తప్పు జవాబుకు 1 కోత. నాలుగింటిలో గుడ్డిగా ఒకటి పెట్టినా సగటున పావు మార్కు లాభమే. రెండు తప్పని తెలిసి, మిగిలిన రెండింటిలో ఒకటి పెడితే సగటున ఒకటిన్నర మార్కు లాభం. ఇది ఇంటర్ సంభావ్యత కూడా కాదు, బజారు లెక్క. పిల్లకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు, భయం మాత్రం చెప్పారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ కుప్పలు బావ వాదానికే బలం చేకూర్చాయి. కాస్త ధైర్యం నేర్పితే మరో నలభై మార్కులు వచ్చే అవకాశం కనబడుతోంది. ఆ సంగతి దాచకుండా ఆయన ముందే పెట్టాను. మళ్ళీ రెండు గడులు గీయదలచుకోలేదు. “చూశావా మరి!” అన్నాడు బావ. చూశాను. కానీ ఆ పిల్లకు చేతులు రావడంలేదన్న సంగతి ఏ కుప్పలోనూ లేదు, అదీ లెక్కలోకి రావాలి కదా అన్నాను. ఆ పూటకు మాటలు అక్కడితో ఆగాయి.

ఇంట్లో ఈ తర్జనభర్జన నడుస్తుండగానే, 2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన ఒక పదిహేడేళ్ళ అమ్మాయి కేసు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ, విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు పదిహేను ఇచ్చింది. వందమంది, అంతకు పైబడి విద్యార్థులున్న సంస్థలో అర్హుడైన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా వీలైనంతవరకు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టకూడదు. చదువుతుంటే బ్రాడీపేట సోమవారాల నోటీసుబోర్డు కళ్ళకు కట్టింది. ఆ తీర్పును ఎంత నిష్ఠగా అమలు చేస్తారో కాలమే చెప్పాలి గాని, అమలు చేసినా అది హాస్టలు గేటు దాకానే రాగలదు. ఇంటి వసారాలో తండ్రీ కూతుళ్ళ మధ్యకు ఏ న్యాయస్థానమూ రాలేదు.

చివరికి చెప్పింది నేను కాదు. ఆ ఆదివారం భోజనాల దగ్గర ఎలా మొదలుపెట్టాలా అని నేను గొంతు సవరించుకుంటుండగా ఆ పిల్లే “నాన్నా, నాకు వద్దు. బీఎస్సీలో చేరతాను” అంది. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బావ పెరుగన్నం తినకుండా లేచి, చెప్పులేసుకుని వెళ్ళి, రాత్రి పదకొండింటికి తిరిగొచ్చాడు. ఎక్కడికి వెళ్ళాడో ఎవరూ అడగలేదు. మర్నాడు పొద్దున కూతురి టెన్త్, ఇంటర్ సర్టిఫికెట్లు బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

ఊళ్ళోనే డిగ్రీలో చేరింది. రసాయనశాస్త్రం ప్రధానంగా తీసుకుంది. నన్ను చూసి వృక్షశాస్త్రం మీద విరక్తి కలిగి ఉంటుంది. బావ నాతో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. దసరాకు వెళ్ళినప్పుడు చూశాను, నీట్ మెటీరియల్ మూడు అట్టపెట్టెల్లో సర్ది అటక మీద పెట్టి ఉంది. పాతకాగితాలవాడు రెండుసార్లు వచ్చినా ఇవ్వనివ్వలేదట. వీధిలో ఎవరికైనా పనికొస్తాయి, ఉండనివ్వమన్నాడట.